కాలం చెల్లిన వాహనం

కాలం చెల్లిన వాహనం అనగా రిజిస్ట్రేషను గడువు ముగిసి పునరుద్ధరణ పొందని, లేదా సామర్థ్య పరీక్షలో అనర్హమని తేలిన, లేదా ప్రమాదం, అగ్ని, వరద వంటి కారణాల వలన మరమ్మతుకు వీలులేకుండా పాడైన మోటారు వాహనం. యజమాని తనంతట తానుగా ఇక పనికిరాదని ప్రకటించిన వాహనం కూడా ఈ కోవలోకే వస్తుంది. ఇటువంటి వాహనం నుండి హానికర పదార్థాలను తొలగించి, పనికివచ్చే భాగాలను వేరుచేసి, మిగిలిన లోహాన్ని కరిగింపుకు పంపి, రవాణా శాఖ రికార్డులలో దాని రిజిస్ట్రేషనును రద్దు చేయించడం వరకు గల పనులన్నిటినీ కలిపి వాహనాన్ని తుక్కు చేయడం అంటారు.

ఈ పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి వస్తువుకు సంబంధించినది, రెండవది రికార్డుకు సంబంధించినది. పాత ఇనుము వ్యాపారికి కారును అమ్మివేసినప్పుడు వస్తువు మాత్రమే యజమాని చేతినుండి పోతుంది. రికార్డులో ఆ కారు అతని పేరుమీదే మిగిలి ఉంటుంది. కారులోని నూనెలు, ఆమ్లం, సీసం మొదలైనవి ఎక్కడో ఒకచోట నేలలోకి, నీటిలోకి చేరతాయి. ఈ రెండూ సక్రమంగా ముగిసినప్పుడే కారు ఆయుష్షు నిజంగా ముగిసినట్లు. ఈ వ్యాసంలో శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ మరియు హిందూపురం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడింది.

ప్రాంతీయ నేపథ్యం

బత్తలపల్లి ధర్మవరం రెవెన్యూ డివిజనులో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడక ముందు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. అనంతపురం నుండి కదిరి వెళ్ళే 42వ జాతీయ రహదారిపై ఉన్న ఈ ఊరు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) ఆసుపత్రి వలన చుట్టుపక్కల మండలాల ప్రజలకు సుపరిచితం. రహదారి పక్క ఊరు కావడంతో మెకానిక్ షెడ్లు, టైరు పంక్చరు అంగళ్ళు, పాత ఇనుము కొనే గుజిరీ అంగళ్ళు ఇక్కడి జీవనంలో భాగం.

ఇదే జిల్లాలో, 44వ జాతీయ రహదారిపై, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉంది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. కర్మాగారం సామర్థ్యం సంవత్సరానికి సుమారు 3 లక్షల కార్లు. 2023 జూలైలో ఇక్కడ 10 లక్షలవ కారు తయారైంది. ఆ విధంగా కార్లు పుట్టే చోటు, పాత కార్లు ఆగిపోయే పల్లెలు ఒకే జిల్లాలో ఉన్నాయి.

ఈ ప్రాంతపు వాహనాల వయసును నంబరు పలకను బట్టి స్థూలంగా అంచనా వేయవచ్చు. ఏపీ 02 అనేది పూర్వపు అనంతపురం జిల్లా కోడు. 2019 తొలినాళ్ళ నుండి రాష్ట్రమంతటికీ ఒకే శ్రేణిగా ఏపీ 39 ఇవ్వడం మొదలైంది. కావున ఏపీ 02 పలక ఉన్న సొంత కార్లన్నిటికీ ఇంచుమించు 2034 తొలినాళ్ళకు మొదటి 15 సంవత్సరాల గడువు పూర్తవుతుంది.

వాతావరణం కూడా ఇక్కడ గమనించదగిన అంశం. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. రాష్ట్రంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతం ఇదే. పొడి గాలిలో ఇనుము నెమ్మదిగా తుప్పు పడుతుంది కనుక, మూలన పడిన కారు కోస్తా జిల్లాలలో కంటే ఇక్కడ ఎక్కువ కాలం రూపు చెడకుండా ఉంటుంది. "ఇంకా బాగానే ఉంది" అన్న భావనతో దానిని ఏళ్ళ తరబడి అలాగే ఉంచుతారు. మరొకవైపు, తాగునీటికి, సాగునీటికి బోరుబావులు, చెరువులే ప్రధాన ఆధారం. పడేది కొద్దిపాటి వర్షమైనప్పుడు, భూమిలోకి ఇంకే నీరు కలుషితం కాకుండా చూసుకోవడం మరింత అవసరం.

కారులో ఉండే పదార్థాలు

కారు బరువులో సుమారు 65 నుండి 70 శాతం ఇనుము, ఉక్కు. మిగిలినది అల్యూమినియం, రాగి, ప్లాస్టిక్కు, రబ్బరు, గాజు, బట్ట, నురుగు మరియు ద్రవాలు. 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారైన మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు. దానినుండి 400 కిలోలకు పైగా ఇనుము, ఉక్కు లభిస్తుంది.

పాత ఉక్కును తిరిగి కరిగించడం వలన సహజ వనరులు మిగులుతాయి. ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కు ఉక్కును వాడితే సుమారు 1.4 టన్నుల ముడి ఇనుము ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి. అల్యూమినియం విషయంలో, ఖనిజం నుండి కొత్తగా తయారుచేయడానికి పట్టే శక్తిలో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. ఇంజను వెలుపలి భాగాలు, చక్రాల రిమ్ములు, గేర్‌బాక్సు తొడుగు వంటివి చాలా కార్లలో అల్యూమినియంతో చేసినవే.

హానికర పదార్థాలు

తుక్కు చేయడంలో అసలు కష్టం ఇనుముతో కాదు. బరువులో స్వల్పంగా ఉండే ఈ క్రింది పదార్థాలతోనే.

బ్యాటరీ: సాధారణ కారు బ్యాటరీలో సీసపు పలకలు, గంధకామ్లం ఉంటాయి. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పెరట్లో బ్యాటరీని పగలగొట్టి, ఆమ్లాన్ని నేలపై పారబోసి, సీసాన్ని మూకుడులో కరిగించడం అత్యంత ప్రమాదకరం. సీసపు పొగ, ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. శరీరంలో సీసానికి సురక్షిత పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటుంది.

ఇంజను ఆయిలు: వాడిన ఇంజను ఆయిలులో లోహపు రజను, కాలిన ఇంధనపు అవశేషాలు ఉంటాయి. ఒక్కసారి మార్చగా వచ్చిన పాత ఆయిలు సుమారు 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. గేరు ఆయిలు, బ్రేకు ఆయిలు కూడా ఇటువంటివే.

రేడియేటర్ ద్రవం: ఇందులో కలిపే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం. రుచికి తియ్యగా ఉండడం వలన నేలపై కారిన ద్రవాన్ని కుక్కలు, పశువులు నాకే ప్రమాదముంది.

ఏసీ వాయువు: 1990ల తరువాతి కార్లలో ఎక్కువగా హెచ్.ఎఫ్.సి.-134ఎ అనే వాయువును వాడారు. 100 సంవత్సరాల కాలానికి లెక్కిస్తే ఇది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,300 రెట్లు శక్తివంతమైనది. ఒక కారులో ఉండే అరకిలో వాయువును పైపు కోసి గాలిలోకి వదిలితే సుమారు 650 కిలోల బొగ్గుపులుసు వాయువును వదలినట్లే. అది దాదాపు ఒక మారుతి 800 కారు బరువుకు సమానం. అంతకుముందు తయారైన కార్లలో ఓజోన్ పొరకు హాని చేసే సి.ఎఫ్.సి.-12 ఉండేది.

గాలి సంచులు: పాత తరం గాలి సంచులలో సోడియం అజైడ్ అనే విష రసాయనాన్ని వాడారు. విడదీసేటప్పుడు గాలి సంచి హఠాత్తుగా పేలితే పనివారికి తీవ్ర గాయాలవుతాయి.

టైర్లు: టైరును కాల్చితే దట్టమైన నల్లటి పొగతో పాటు క్యాన్సరు కారక రసాయనాలు వెలువడతాయి. భోగి మంటల్లో పాత టైర్లు వేయడం ఈ కారణంగానే హానికరం. ఆరుబయట పడేసిన టైర్లలో వాననీరు నిలిస్తే డెంగీ వ్యాప్తి చేసే దోమలు పెరుగుతాయి.

బ్రేకు పలకలు: పాత కార్ల బ్రేకు, క్లచ్ పలకలలో ఆస్బెస్టాస్ (రాతినార) ఉండేది. దీని ధూళి పీల్చితే ఊపిరితిత్తుల వ్యాధులు వస్తాయి.

ఇంధన ట్యాంకు, గ్యాసు సిలిండరు: ఖాళీగా కనిపించే పెట్రోలు ట్యాంకులో మిగిలిన ఆవిరి, నిండు ట్యాంకు కంటే సులభంగా పేలుతుంది. గ్యాసు కట్టరుతో కారును కోసేటప్పుడు జరిగే ప్రమాదాలకు ఇది ఒక ముఖ్య కారణం.

వీటికి భిన్నంగా, సైలెన్సరు వైపు ఉండే ఉత్ప్రేరక పరికరంలో (క్యాటలిటిక్ కన్వర్టర్) ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలు స్వల్పంగా ఉంటాయి. భారతదేశంలో 1995 ఏప్రిల్ నుండి మొదట నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఈ పరికరాన్ని తప్పనిసరి చేశారు.

మూలన పడిన కారు వలన ప్రమాదాలు

కారును తుక్కు చేయకుండా వీధిలోనో, కళ్ళంలోనో వదలివేయడం కూడా ప్రమాదరహితం కాదు. అటువంటి కారు పాములకు, ఎలుకలకు, దోమలకు ఆశ్రయమవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం పిల్లలకు. 2025 మే నెలలో విజయనగరం సమీపంలోని ద్వారపూడి గ్రామంలో ఆగి ఉన్న కారులో ఆడుకుంటూ తలుపులు మూసుకుపోవడంతో నలుగురు పిల్లలు ఊపిరాడక మరణించారు. ఎండకు నిలిపి ఉంచిన కారు లోపలి వేడి కొద్ది నిమిషాల్లోనే బయటికంటే ఎంతో పెరుగుతుంది. వాడని కారును ఇంటివద్ద ఉంచినంత కాలం దాని తలుపులకు, డిక్కీకి తాళం వేసి ఉంచాలి.

చట్టాలు, నియమాలు

మోటారు వాహనాల చట్టం, 1988: సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది (సెక్షను 41). ఆ తరువాత తనిఖీ చేయించుకొని ఒక్కొక్కసారి 5 సంవత్సరాల చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. వాహనం ధ్వంసమైతే, లేదా శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోతే, యజమాని 14 రోజులలోగా, లేదా వీలైనంత త్వరగా, ఆ సంగతిని రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, ఆర్.సి.ని అప్పగించాలి (సెక్షను 55).

వాహన తుక్కు విధానం, 2021: 2021 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెటులో ప్రకటించిన ఈ విధానాన్ని ఆగస్టు 13న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. నమోదైన వాహన తుక్కు కేంద్రాల స్థాపనకు, పనితీరుకు సంబంధించిన నియమాలు 2021 సెప్టెంబరు 23న వెలువడ్డాయి. 2022 సెప్టెంబరులో వీటిని సవరించి, యజమాని దరఖాస్తును అంతర్జాలం ద్వారా చేసే పద్ధతిని తెచ్చారు.

రుసుముల పెంపు: 2022 ఏప్రిల్ 1 నుండి 15 సంవత్సరాలు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము రూ.600 నుండి రూ.5,000కు, మోటారు సైకిలుకు రూ.300 నుండి రూ.1,000కి పెరిగింది. 2025 ఆగస్టులో 20 సంవత్సరాలు దాటిన కార్లకు దీనిని రూ.10,000 చేశారు.

ప్రభుత్వ వాహనాలు: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల, ప్రభుత్వ రవాణా సంస్థల వాహనాలకు 15 సంవత్సరాల తరువాత రిజిస్ట్రేషను పునరుద్ధరించరాదన్న నియమం 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. రక్షణ, శాంతిభద్రతల కొరకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది.

పర్యావరణ పరిరక్షణ (కాలం చెల్లిన వాహనాల) నియమాలు, 2025: 2025 జనవరిలో వెలువడిన ఈ నియమాలు ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం కారు చివరి దశకు దానిని తయారుచేసిన సంస్థ కూడా బాధ్యత వహించాలి. గతంలో తాను అమ్మిన వాహనాలలో వాడిన ఉక్కులో 2025-26 నుండి 2029-30 వరకు ఏటా కనీసం 8 శాతం, తరువాతి ఐదేళ్ళు 13 శాతం, 2035-36 నుండి 18 శాతం తుక్కు కేంద్రాల ద్వారా తిరిగి రాబట్టినట్లు చూపించాలి. సొంత వాహనాలకు 20 సంవత్సరాల క్రితం, రవాణా వాహనాలకు 15 సంవత్సరాల క్రితం జరిగిన అమ్మకాలను లెక్కలోకి తీసుకుంటారు. యజమాని తన వాహనం కాలం చెల్లినదైన 180 రోజులలోగా దానిని తయారీదారు సూచించిన చోటగాని, సేకరణ కేంద్రంలోగాని, నమోదైన తుక్కు కేంద్రంలోగాని అప్పగించాలి. వ్యవసాయ ట్రాక్టర్లు, వాటి ట్రైలర్లు, పవర్ టిల్లర్లు, వరికోత యంత్రాలు ఈ నియమాల పరిధిలోకి రావు. బ్యాటరీలు, టైర్లు, వాడిన ఆయిలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు వేరే నియమాలున్నాయి.

యజమాని చేయవలసిన పనులు

1. ఆర్.సి. ఎవరి పేరున ఉన్నదో చూసుకోవాలి. పల్లెలలో కారు తండ్రి పేరునో, అంతకుముందు యజమాని పేరునో ఉండిపోవడం సాధారణం. యజమాని మరణించినట్లయితే వారసుడు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలలలోగా తన పేరున మార్పించుకోవడానికి దరఖాస్తు చేయాలి. ఈ గడువు దాటిపోయినా, తుక్కు చేయడానికి ముందు ఈ చిక్కును తీర్చుకోక తప్పదు.
2. అప్పుపై కొన్న కారయితే, బాకీ తీరినట్లు బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రం తీసుకొని ఆర్.సి.లోని హైపోథికేషనును తొలగింపజేయాలి. బాకీ ఎప్పుడో తీరిపోయినా ఈ నమోదు మాత్రం తొలగించుకోని యజమానులు చాలామంది ఉంటారు.
3. చలానాలు, పన్ను బకాయిలు, పోలీసు కేసులు ఏమైనా ఉన్నాయేమో పరివాహన్ సేవలలో చూసుకొని పరిష్కరించుకోవాలి.
4. నమోదైన తుక్కు కేంద్రాల జాబితాను కూడా అక్కడే చూడవచ్చు. కారు ఏ రాష్ట్రంలో రిజిస్టరయినా దేశంలోని ఏ నమోదైన కేంద్రంలోనైనా అప్పగించవచ్చు. కావున కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న హిందూపురం ప్రాంతపు యజమానులు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక కేంద్రాలలో ఏది అనుకూలమైతే దానిని ఎంచుకోవచ్చు.
5. ధర మాట్లాడేటప్పుడు కారును తీసుకెళ్ళే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. రిజిస్ట్రేషను గడువు ముగిసిన కారును రోడ్డుపై నడపరాదు. నడిపితే మొదటిసారి రూ.2,000 నుండి రూ.5,000 వరకు జరిమానా ఉంటుంది. దానిని వేరే వాహనంపై ఎక్కించి తీసుకెళ్ళాలి.
6. అప్పగించినప్పుడు డిపాజిట్ ధ్రువపత్రం, విడదీయడం పూర్తయిన తరువాత వాహన తుక్కు ధ్రువపత్రం తప్పక తీసుకోవాలి.
7. చివరిగా రిజిస్ట్రేషను రద్దయినట్లు వాహన్ రికార్డులో సరిచూసుకొని, బీమాను, ఫాస్టాగ్ ఖాతాను మూసివేయాలి.

తుక్కు కేంద్రంలో జరిగే ప్రక్రియ

కేంద్రం మొదట వాహనపు చాసిస్, ఇంజను నంబర్లను ఆర్.సి.తో పోల్చుతుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ వద్దనున్న దొంగిలించబడిన వాహనాల వివరాలతో సరిచూస్తుంది. ఆ తరువాతనే వాహనాన్ని స్వీకరిస్తుంది.

తరువాతి దశ కాలుష్య రహితం చేయడం. ముందుగా బ్యాటరీని విడదీస్తారు. గాలి సంచులను నియంత్రిత పద్ధతిలో పేల్చివేయడమో, తొలగించడమో చేస్తారు. ఇంధనాన్ని తోడివేస్తారు. ఏసీ వాయువును యంత్రంతో సిలిండరులోకి లాగుతారు. ఇంజను, గేరు, బ్రేకు ఆయిళ్ళను, రేడియేటర్ ద్రవాన్ని వేరువేరు పీపాలలోకి దించుతారు. ఈ పనులన్నీ ద్రవం భూమిలోకి ఇంకని గట్టి నేలపై, పైకప్పు క్రింద జరగాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా కేంద్రాన్ని నడపరాదు.

దీని తరువాత టైర్లు, గాజు, సీట్లు, వైర్లు, ఉత్ప్రేరక పరికరం, తిరిగి వాడదగిన భాగాలను తీస్తారు. మిగిలిన డొల్లను నొక్కి దిమ్మెగా చేస్తారు లేదా ముక్కలుగా చీలుస్తారు. ముక్కల నుండి ఇనుమును అయస్కాంతాలతో, అల్యూమినియం, రాగి వంటి లోహాలను విద్యుత్ ప్రవాహపు పద్ధతులతో వేరుచేస్తారు. ఇనుము ఉక్కు కొలిమికి చేరుతుంది. చాసిస్ నంబరు ఉన్న ముక్కను మాత్రం కోసి, తుక్కు ధ్రువపత్రం ఇచ్చిన తరువాత 6 నెలలపాటు భద్రపరచాలని నియమం. ఆ నంబరు మరో వాహనంపైకి ఎక్కకుండా చూడడమే దీని ఉద్దేశ్యం.

విద్యుత్ కార్ల విషయంలో పద్ధతి వేరు. వాటి లిథియం బ్యాటరీ అధిక వోల్టేజీ కలిగినది, దెబ్బ తగిలితే తనంతట తాను అంటుకునే స్వభావం కలది. శిక్షణ పొందినవారే దానిని విడదీయాలి.

దేశంలో వ్యవస్థీకృత తుక్కు కేంద్రాలు ఇటీవలి కాలంలోనే మొదలయ్యాయి. మహీంద్రా, ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. కలిసి 2018లో గ్రేటర్ నోయిడాలో ఒక కేంద్రాన్ని, మారుతి సుజుకి, టొయోట్సు సంస్థలు 2021 నవంబరులో నోయిడాలో మరొక కేంద్రాన్ని ప్రారంభించాయి.

సంప్రదాయ తుక్కు వ్యాపారం

ఈ నియమాలకు ఎంతో ముందునుండే పాత వాహనాలను విడదీసి అమ్మే వృత్తి ఉంది. విజయవాడ ఆటోనగర్, చెన్నైలోని పుదుపేట, ఢిల్లీలోని మాయాపురి దీనికి పేరుపొందాయి. పల్లెలలో ఈ పునర్వినియోగం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. లారీల కమాను కట్టల ఉక్కుతో కమ్మరులు కొడవళ్ళు, గొడ్డళ్ళు చేస్తారు. పాత టైర్లు ఎద్దుల బండికి అమరి "టైరు బండి" అవుతుంది. టైరు రబ్బరుతో చెప్పులు, మట్టి మోసే గంపలు తయారవుతాయి. లోహం వృథా కాకుండా చూడడంలో ఈ వృత్తివారి నైపుణ్యం చిన్నది కాదు. వేలాది కుటుంబాలకు ఇది జీవనాధారం.

అయితే ఈ పద్ధతిలో అమ్ముడుపోయేది మాత్రమే వేరవుతుంది. అమ్ముడుపోని ఏసీ వాయువు గాలిలోకి, ఆమ్లం, ఆయిళ్ళు నేలలోకి పోతాయి. చేతొడుగులు, కళ్ళద్దాలు లేకుండా పనిచేసేవారే వాటికి మొదట గురవుతారు. తుక్కులో ఏముందో తెలియకపోతే ఎంత ప్రమాదమో 2010 ఏప్రిల్‌లో మాయాపురిలో తెలిసివచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన ఒక ప్రయోగశాల పరికరాన్ని అక్కడ విడదీయగా, దానిలోని కోబాల్ట్-60 రేడియోధార్మికతకు పలువురు గురయ్యారు. ఒకరు మరణించారు.

రెండవ లోపం రికార్డుకు సంబంధించినది. రిజిస్ట్రేషను రద్దు కాని కారు ఆర్.సి., నంబరు పలక, చాసిస్ నంబరు దొంగ వాహనాలకు ఉపయోగపడవచ్చు. కారును తుక్కు చేస్తామని కొన్నవారు దానినే బాగుచేసి నడపవచ్చు. అది ప్రమాదానికి కారణమైతే సమన్లు వచ్చేది రికార్డులో పేరున్న వ్యక్తికే. కారు చేతులు మారినా, రిజిస్ట్రేషను రికార్డులో ఎవరి పేరు ఉంటే నష్టపరిహారం విషయంలో వారినే యజమానిగా పరిగణించాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. కొన్ని వేల రూపాయలు ఎక్కువ వస్తాయని ఆర్.సి.తో సహా కారును అప్పగించడంలో ఉన్న అసలు నష్టం ఇదే.

ఆర్థికాంశాలు

తుక్కు విలువ కారు బరువు, లోహపు ధర, ఉత్ప్రేరక పరికరం ఉందా లేదా అన్న అంశాలపై ఆధారపడుతుంది. కొత్త వాహనపు షోరూము ధరలో సుమారు 4 నుండి 6 శాతం వరకు ఉండవచ్చని 2021 విధానం ప్రకటించిన సమయంలో కేంద్ర ప్రభుత్వం పేర్కొంది.

డిపాజిట్ ధ్రువపత్రం ఉన్నవారు కొత్త వాహనం కొంటే రిజిస్ట్రేషను రుసుము మినహాయింపు ఉంటుంది. వాహన పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నియమాలు వీలు కల్పిస్తున్నాయి. వాహన పన్ను రాష్ట్రాల పరిధిలోనిది కనుక ఎంత రాయితీ అన్నది రాష్ట్ర ఉత్తర్వులను బట్టి ఉంటుంది. 2024 ఆగస్టులో పలు కార్ల తయారీ సంస్థలు ఇటువంటి కొనుగోలుదారులకు ధరలో 1.5 శాతం లేదా రూ.20,000, వీటిలో ఏది తక్కువైతే అది, పరిమిత కాలం పాటు తగ్గిస్తామని ప్రకటించాయి. కొత్త కారు కొనే ఉద్దేశ్యం లేనివారు ఈ ధ్రువపత్రాన్ని ఇతరులకు బదిలీ చేయవచ్చు.

సాధారణ అపోహలు

* 15 సంవత్సరాలు నిండిన ప్రతి కారునూ తుక్కు చేయాల్సిందే: ఇది నిజం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సొంత కార్లకు ఇటువంటి వయోపరిమితి లేదు. తనిఖీలో నెగ్గి, రుసుము, హరిత పన్ను చెల్లించి కొనసాగించవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో 10 సంవత్సరాలు దాటిన డీజిలు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు వాహనాలపై ఆంక్షలు జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీం కోర్టు (2018) ఉత్తర్వుల వలన వచ్చినవి. వాటిపై 2025లోనూ సుప్రీం కోర్టు సవరణలు చేసింది. అవి దేశమంతటికీ వర్తించవు.
* పాత కారును వెంటనే మార్చడమే పర్యావరణానికి మేలు: అన్ని వేళలా కాదు. కొత్త కారు తయారీకి కూడా శక్తి, ఖనిజం ఖర్చవుతాయి. తక్కువగా తిరిగే, బాగా చూసుకునే కారును కొనసాగించడం తప్పు కాదు. పొగ ఎక్కువై, బ్రేకులు, చాసిస్ నమ్మదగని స్థితికి వచ్చిన కారును మాత్రం కొనసాగించరాదు.
* నంబరు పలక విరిచివేస్తే చాలు: చాలదు. రద్దు కావలసినది రికార్డు.

ఇతర దేశాలలో

ఐరోపా సమాఖ్య 2000లో చేసిన ఆదేశం ప్రకారం, 2015 నుండి కాలం చెల్లిన కారు బరువులో కనీసం 95 శాతం ఏదో ఒక రూపంలో తిరిగి వినియోగంలోకి రావాలి. అందులో 85 శాతం పునర్వినియోగం లేదా పునఃచక్రీయం కావాలి. జపాన్‌లో 2005 జనవరి నుండి అమలైన చట్టం ప్రకారం కారు కొన్నప్పుడే తుక్కు ఖర్చును యజమాని ముందుగా చెల్లిస్తాడు. ఏసీ వాయువు, గాలి సంచులు, చివర మిగిలే వ్యర్థాల నిర్వహణకు ఆ సొమ్ము వాడతారు. అమెరికా 2009లో పాత కార్లను అప్పగించినవారికి 3,500 నుండి 4,500 డాలర్ల రాయితీ ఇచ్చింది. ఆ కార్ల ఇంజన్లు మళ్ళీ వాడకంలోకి రాకుండా వాటిలో ఆయిలు బదులు సోడియం సిలికేట్ ద్రావణం పోసి నడిపి పాడుచేశారు.

రానున్న సంవత్సరాలు

పెనుకొండ వద్ద 2019లో తయారై అదే ఏడాది రిజిస్టరైన కార్లకు 2034లో మొదటి గడువు ముగుస్తుంది. 2025 నియమాల ప్రకారం 2019-20లో అమ్మిన సొంత కార్ల ఉక్కు 2039-40 నాటి లెక్కలోకి వస్తుంది. అప్పటికి లక్ష్యం 18 శాతం. ఈ లక్ష్యాలు నెరవేరాలంటే కార్లు నమోదైన కేంద్రాలకు చేరాలి. దూరం, రవాణా ఖర్చు, ఆర్.సి. చిక్కులు వీటికి ప్రధాన అడ్డంకులు. బత్తలపల్లి వంటి మండల కేంద్రాల నుండి కేంద్రాలకు చేర్చే సేకరణ వ్యవస్థ, ఇప్పటికే ఈ పని తెలిసిన మెకానిక్కులకు, గుజిరీ వ్యాపారులకు శిక్షణ ఇచ్చి అందులో భాగస్వాములను చేయడం ఇందుకు అవసరమైన చర్యలు.

ఇవి కూడా చూడండి

* బత్తలపల్లి
* పెనుకొండ
* హిందూపురం
* విజయవాడ ఆటోనగర్
* మోటారు వాహనాల చట్టం, 1988
* పునఃచక్రీయం
* సీసం